రెండు కొండలు, నడుమ ఒక సూర్యుడు

తెలుగునాట ఏ ఊళ్ళోనైనా పదేళ్ళ పిల్లవాడి చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చి, నీకు నచ్చిన బొమ్మ వెయ్యమని అడిగి చూడండి. ఏ బొమ్మ వస్తుందో నేను ముందే చెప్పగలను. త్రికోణాల్లాంటి రెండు కొండలు, వాటి సందులోంచి సగం పైకి వచ్చిన సూర్యుడు, చుట్టూ కిరణాలు, కొండల నడుమనుంచి మెలికలు తిరుగుతూ దిగే ఏరు, ఒడ్డున ఒక ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో తలకట్టుల్లాంటి పక్షులు. పిల్లల భాషలో దీనికి పేరు కూడా ఉంది: సీనరీ. కోనసీమ పిల్లవాడికి కొబ్బరిచెట్లూ నీళ్ళూ తెలుసు గాని ఇంటి ముందు కొండలు లేవు. అనంతపురం పిల్లకు కొండలు తెలుసు గాని గలగల పారే ఏరు ఏడాదిలో ఎన్నాళ్ళు కనబడుతుంది? అయినా ఇద్దరూ వేసేది ఆ ఒక్క బొమ్మే. మన తరమూ ఇదే వేసింది, మన తర్వాతి తరమూ ఇదే వేస్తున్నది.

దీన్ని చూసి పెద్దలు సాధారణంగా రెండు మాటలంటారు. ఈ కాలపు పిల్లలకు ఊహాశక్తి లేదని ఒకటి, మన బడుల్లో చిత్రకళ నేర్పడంలేదని మరొకటి. నా మట్టుకు నాకు రెండూ సరిగా తోచవు. సీనరీని నేర్పకపోతే అది ఇన్ని జిల్లాల్లో, ఇన్ని తరాల్లో ఇంత అచ్చుగుద్దినట్టు ఎలా నిలుస్తుంది? దాన్ని అక్క తమ్ముడికి నేర్పుతుంది, పై తరగతి వాడు కింది తరగతి వాడికి నేర్పుతాడు, తీరిక దొరికిన టీచరు నల్లబల్ల మీద వేసి అందరినీ చూసి దించమంటుంది. ఎక్కం అప్పజెప్పినట్టే ఇదీ అప్పజెప్పడమే. కొండకు ఇన్ని గీతలు, చెట్టుకు ఇన్ని మట్టలు. ఇంతకంటె పకడ్బందీగా నేర్పే పాఠం మన ప్రాథమిక పాఠశాలల్లో మరొకటి ఉందా అని నాకు అనుమానం. కాబట్టి నా ఫిర్యాదు నేర్పకపోవడం గురించి కాదు, ఏమి నేర్పుతున్నామన్నదాని గురించి.

సీనరీ రాకముందు పిల్లలు ఏం వేస్తారో గమనించారా? అయిదారేళ్ళ పిల్ల ఇల్లు వేస్తే గోడ ఉంటుంది, గోడ వెనక పొయ్యి ఉంటుంది, పొయ్యి మీద గిన్నె, గిన్నెలో అన్నం మెతుకులు కూడా కనిపిస్తాయి. మంచానికి నాలుగు కోళ్ళుంటాయి గనుక నాలుగూ నాలుగు దిక్కులకు చాచి వేస్తుంది. ఈ పిల్ల కంటికి కనబడేది కాక తనకు తెలిసినదంతా వేస్తున్నది. లూకే అనే ఫ్రెంచి పండితుడు 1927లో పిల్లల చిత్రాల మీద ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతినే వివరించాడు. 1947లో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ మరికొంత ముందుకు వెళ్ళి, పిల్లల బొమ్మలు ఏ వయసులో ఏ దశ దాటుతాయో వర్గీకరించాడు. ఏడేళ్ళ ప్రాంతంలో కాగితం అడుగున ఒక నేలగీత పుడుతుంది, వస్తువులన్నీ దాని మీద బుద్ధిగా నిలబడతాయి. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి పిల్లవాడు తన బొమ్మను లోకంతో పోల్చుకోవడం మొదలుపెడతాడు. తను వేసిన ఆవు ఆవులా లేదని మొదటిసారి వాడికే తెలుస్తుంది. ఆ సిగ్గులోంచి వచ్చే మాటే, "నాకు బొమ్మలు రావు సార్."

సరిగ్గా అక్కడ ఒక పెద్దవాడి చెయ్యి కావాలి. ఆవును ఎలా చూడాలో, మూపురం ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతుందో, వెనకకాలు ఏ వైపుకు వంగుతుందో పక్కన కూర్చుని చూపేవాడు కావాలి. ఆ చెయ్యి దొరకదు. దొరికేది సీనరీ. దాన్ని నేర్చుకున్నవాడికి ఇక అవమానం ఉండదు, ఎందుకంటే అది ఎప్పుడూ తప్పు పోదు. పిల్లవాడు దాని వెనక దాక్కుంటాడు. చాలామంది జీవితాంతం అక్కడే ఉండిపోతారు.

నేను వృత్తిరీత్యా చిత్రకారుణ్ణి కాను. యంత్రభాగాల నమూనాలు గీసే ఉద్యోగంతో పొట్టపోసుకున్నవాణ్ణి. గీత అటూ ఇటూ అయితే అవతల ఇనుము వృథా అవుతుందన్న భయం మాత్రం బాగా తెలుసు. నాలుగేళ్ళుగా శనివారాలు మా ఊరికి దగ్గరలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళి పిల్లలతో గీతలు గీయిస్తున్నాను. అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న బడి. కింద రాసేవన్నీ ఆ శనివారాల్లో కుదిరిన అభిప్రాయాలే గాని శాస్త్రం కాదు.

ఈ విషయంలో పెద్దలు రెండు జట్లుగా ఉన్నారు. ఒక జట్టుది పాత దారి. లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ చిత్రలేఖన పద్ధతి 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో మన దేశపు కళాశిక్షణాలయాలకు వచ్చింది. సరళరేఖ, వంపురేఖ, గడి, ఘనం, ఆ పైన నమూనా చూసి దించడం. మన ఉన్నత పాఠశాలల డ్రాయింగు మాస్టర్లు రాసే లోయర్, హయ్యర్ పరీక్షల్లో ఆ వాసన ఇప్పటికీ ఉంది. చేతికి క్రమశిక్షణ ఇచ్చే పద్ధతి అది, కాదనను. కాని పదిహేనేళ్ళవాడికి పనికివచ్చే కషాయాన్ని ఆరేళ్ళవాడి నోట్లో పోయడం న్యాయం కాదు.

రెండో జట్టుది దీనికి పూర్తిగా ఎదురుదారి. ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన 1897లో వియన్నాలో పిల్లల కోసమే చిత్రకళా తరగతి తెరిచి, పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు చెడిపోయిన నకలు కాదు, దానికంటూ ఒక అందం ఉందని లోకానికి చూపాడు. గొప్ప మాట. కాని ఆయన శిష్యుల శిష్యుల దగ్గరికి వచ్చేసరికి అది 'పిల్లవాడికి ఏమీ చెప్పకండి, స్వేచ్ఛగా వదిలెయ్యండి' అన్న సోమరి సూత్రంగా మారింది. పట్నాల్లోని ఖరీదైన బడుల్లో దీన్నే సృజనాత్మకత అంటున్నారు. పిల్లవాడికి కత్తెర పట్టుకోవడం చూపకుండా, జిగురు ఎంత రాయాలో చెప్పకుండా, రెండు రంగులు కలిస్తే ఏమవుతుందో తెలియనివ్వకుండా స్వేచ్ఛ ఇస్తే వాడు దానితో ఏం చేసుకుంటాడు? ఈత రానివాణ్ణి చెరువులోకి దింపి నీ ఇష్టమొచ్చినట్టు ఈదుకో అన్నట్టుంటుంది. మన ఇళ్ళలో ఏ నాయనమ్మా మనవరాలికి ముగ్గు అలా నేర్పలేదు.

ముగ్గు మాట వచ్చింది గనుక అక్కడ కాస్త ఆగుతాను. ఆరేళ్ళ పిల్లకు ముందు నేర్పేది పిండి పట్టడం. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఎంత ఒరిపిడి ఉంటే గీత తెగకుండా, లావెక్కకుండా జారుతుందో ఆ వేళ్ళకే తెలియాలి. తర్వాత చుక్క. సరిచుక్క, సందుచుక్క అన్న రెండు మాటల్లో ఎంత విద్య ఉందో! ఏడు చుక్కలు పెట్టి, సందుచుక్కగా నాలుగు వచ్చేదాకా అటూ ఇటూ పెట్టుకుంటూ వెళితే మొత్తం 37 చుక్కలు, ఆరు మూలల ఆకారం. ఆ ఏడు చుక్కలనే సరిచుక్కగా ఒకటి వచ్చేదాకా దించితే 25 చుక్కలు, నాలుగు మూలల ఆకారం. మొదలు ఒకటే, నియమం మారింది, రూపం మారింది. మూడో తరగతి పిల్లలు ఈ లెక్కను నల్లబల్ల మీద నాకంటె ముందు కట్టారు. ఆ చుక్కలను కలిపితే ఒక రకం, చుక్కను తాకకుండా చుట్టూ తిరిగి గీత మొదలైనచోటికే వచ్చి చేరితే మెలికల ముగ్గు. సౌష్ఠవం, పునరావృత్తి, మొత్తాన్ని మనసులో పెట్టుకుని ఒక మూలనుంచి పని మొదలెట్టడం — రూపకల్పన నేర్పే కళాశాలల్లో మొదటి సంవత్సరంలో చెప్పే పాఠాలు ఇవే కదా. అవి మన వాకిట్లో ఉన్నాయి. బడి గేటు లోపలికి మాత్రం సంక్రాంతి పోటీనాడు తప్ప రావు.

మగపిల్లలు ముగ్గు పిండి ముట్టరు. మొదట్లో నవ్వారు, ఒకడు 'నేను ఆడపిల్లనా' అన్నాడు. ఇటుకపొడీ సున్నమూ తెచ్చి, ఇది కబడ్డీ బరి గీసే విద్య అని చెప్పాను. వచ్చి కూర్చున్నారు. ఇది చిన్న మోసమే, పశ్చాత్తాపమేమీ లేదు. అన్నట్టు, మా బడిలో ఇప్పుడు అందరికంటె సన్నని గీత తీసేది ఆ నవ్విన పిల్లవాడే.

ఇక రంగుల సంగతి. పన్నెండు మైనపు రంగుల పెట్టెలో లేత గులాబీ వన్నెది ఒకటి ఉంటుంది. పిల్లలందరూ దాన్ని 'స్కిన్ కలర్' అంటారు. అట్టపెట్టెల మీద అలా అచ్చువేసి అమ్మిన రోజులున్నాయి, ఆ పేరు అట్టనుంచి పోయినా పిల్లల నోట పోలేదు. ముప్పైమంది పిల్లలున్న గదిలో ఆ వన్నె చర్మం ఒక్కరికీ లేదు. అయినా అమ్మ బొమ్మ వేయమంటే అందరి అమ్మలూ గులాబీ రంగులోనే వచ్చారు. అందరికంటె ముందు అరిగిపోయేది ఆ కడ్డీయే. ఒక రెండో తరగతి పిల్ల వంతు వచ్చేసరికి అది పూర్తిగా అయిపోయింది. ఆ పిల్ల ముఖం ఖాళీగా వదిలేసి, చీరకు మాత్రం రంగు వేసి ఇచ్చింది. గోధుమ రంగు కడ్డీ పెట్టెలో కొత్తగా, మొన తీరి ఉంది.

తర్వాతి శనివారం పొడిరంగులు తీసుకువెళ్ళాను. పసుపు, ఎరుపు, నీలం, తెలుపు, ఈ నాలుగే. ఎవరి ముంజేతి రంగు వాళ్ళు కలపాలి, కలిపినది చేతి మీద ఒక చుక్క పెట్టుకుని చూడాలి, చుక్క కనబడకుండా పోతే గెలిచినట్టు. గంటన్నర పట్టింది. పసుపులో ఎరుపు కలిపితే నారింజ, అందులో రవ్వంత నీలం పడితే మట్టిరంగు, మరికాస్త పడితే మరీ నలుపు, మళ్ళీ పసుపు. చుక్క మాయమైనప్పుడల్లా ఒక కేక. ఒకే రంగు ఇద్దరికి కుదరలేదు. ఆ పిల్ల తన చుక్క మాయమయ్యాక, మిగిలిన రంగును కాగితం పొట్లంలో కట్టి ఇమ్మని అడిగింది, ఇంట్లో అమ్మ చేతి మీద పెట్టి చూడడానికి. నలుపు తెలుపుల గురించి నేను ఉపన్యాసం ఏదీ ఇవ్వలేదు. కలపడం అనే నైపుణ్యం చేతికి వస్తే పెట్టెలో ఉన్న పేరుకు లొంగవలసిన పని ఉండదు. నైపుణ్యం నేర్పితే స్వేచ్ఛ పోతుందని వాదించేవారితో నాకున్న పేచీ ఇక్కడే.

పొట్లం అన్నాను కదా. చిల్లర కొట్లలో పాతపేపరుతో పొట్లం కట్టే విద్య మన కళ్ళముందే అంతరించింది. శంఖంలా చుట్టడం, అడుగు మొన మడవడం, వస్తువు పోశాక పై అంచును లోపలికి దోపడం, దారం రెండు చుట్లు తిప్పి తెంపడం. నాలుగో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి సగం పేపరు, ఒక గుప్పెడు పెసలు ఇచ్చి, దీన్ని బడి చుట్టూ పరుగెత్తి తిరిగివచ్చినా ఒక్క గింజ రాలకుండా కట్టండి అన్నాను. పద్ధతి చెప్పలేదు, మొదటి వారం చెప్పకూడదనే అనుకున్నాను. చాలావరకు రాలాయి. గింజలు ఏరుకుంటూనే ఎందుకు రాలాయో వాళ్ళలో వాళ్ళే తగవులాడుకున్నారు. రెండో వారం ఊళ్ళో కొట్టు నడిపిన ఒక పెద్దాయన్ని పిలిచి కట్టించాం. అప్పుడు ముప్పై జతల కళ్ళు ఆయన వేళ్ళ మీదే ఉన్నాయి. ముందు ఓడినవాడికే చూడడం ఎందుకో తెలుస్తుంది.

డిజైన్ అన్న మాట వినగానే మనకు ఖరీదైన వస్తువులు గుర్తొస్తాయి. చిన్నపిల్లలకు అది పొట్లం, అది మోదుగాకు విస్తరి, అది పలక పెట్టుకునే సంచి. బొమ్మ బాగుందో లేదో పెద్దవాడు చెప్పాలి, ఎర్రసిరాతో పదికి ఆరు వెయ్యాలి. పొట్లానికి ఆ అవసరం లేదు, గింజ రాలితే రాలినట్టే. విస్తట్లో పప్పు కారితే ఈనెపుల్ల ఎక్కడ గుచ్చాలో పిల్ల తనే తెలుసుకుంటుంది. టీచరు మెప్పుతో గాని కోపంతో గాని సంబంధంలేని న్యాయమూర్తి ఒకరు బడిలో ఉండడం, ముఖ్యంగా ఎప్పుడూ ఆరు మార్కులు తెచ్చుకునే పిల్లలకు, ఎంత ఊరటో నేను చూశాను.

ఇక్కడ ఒక బరువైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయలేను. విస్తరి, కుండ, మగ్గం అంటూ మా పిల్లలను మళ్ళీ తాతల పనుల్లోకే తోస్తారా అని ఒక తండ్రి నన్ను నిలదీశారు. వారిది కుమ్మరి కుటుంబం. ఆ పని విడిచి పిల్లవాణ్ణి చదివించుకుంటున్నారు, చేతికి మట్టి అంటితే ఆయనకు మండింది. ఆ మంటకు చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో, అప్పటికి ఆంధ్రప్రాంతం ఇంకా అందులోనే ఉండగా, రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు ఒక కొత్త పథకం తెచ్చింది. రోజుకు మూడు గంటలే బడి, మిగతా వేళ పిల్లవాడు తండ్రి చేసే పని నేర్చుకోవాలి. అది కులవిద్య అని ద్రావిడోద్యమం తిరగబడింది. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజ్ వచ్చాక ఆ పథకం రద్దయింది. రద్దు కావడమే న్యాయం. అంతకు ముందు 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌లోనూ చేతిపని ఉంది గాని, అందులో నూలు వడికేది ఫలానా కులం పిల్లలని లేదు, అందరూ వడకాలి. 1940లలో శాంతినికేతన్‌లో చదువుకుని సేవాగ్రామ్‌కు వచ్చిన దేవీప్రసాద్ చిత్రకళనూ కుండల పనినీ అక్కడి పిల్లలందరికీ కలిపి నేర్పారు. తేడా అంతా ఆ 'అందరికీ' అన్న మాటలోనే ఉంది.

కాబట్టి ఆ తండ్రికి నేను ఇచ్చిన సమాధానం ఇది: మీ అబ్బాయి ఒక్కడే మట్టి పిసికితే నన్ను తిట్టండి. సర్పంచిగారి మనవడు, టీచరుగారి కూతురు, మీ అబ్బాయి ఒకే ముద్దలోంచి తీసుకుని పిసకకపోతే ఆ రోజు పాఠం ఆపేస్తాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చి కిటికీలోంచి చూసి వెళుతుంటారు. చూడవలసిందే, ఆ కాపలా అవసరం. చేతిపనిని పూజిస్తూ వ్యాసాలు రాసేవారిలో తమ పిల్లల చేత సారె తిప్పించినవారు ఎందరు?

ప్రభుత్వాల కాగితాల మీద కళలకు లోటేమీ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అన్ని దశల్లోనూ కళ ఒక పాఠ్యవిషయంగా ఉండాలన్నది. 2020 నూతన విద్యావిధానం కళను అన్ని పాఠాలతో కలిపి బోధించాలన్నది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి 'బాన్సురి' పేరుతో కళలకంటూ ప్రత్యేక పాఠ్యపుస్తకమే వేసింది, సంతోషం. కాని నేర్పేదెవరు? 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఆరునుంచి ఎనిమిది తరగతుల్లో, అదీ బడిలో వందమందికి పైగా పిల్లలుంటే, కళావిద్యకు పార్ట్‌టైము బోధకుడు ఉండాలని ఉంది. ఒకటినుంచి అయిదు వరకు ఆ ఊసే లేదు. అరవైమంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, అంతే. చెయ్యి ఎటు వంచితే అటు వంగే వయసంతా మనిషి లేకుండా గడిచిపోయాక పన్నెండేళ్ళవాడికి మనిషిని ఇస్తామంటున్నాం.

పాఠాలతో కలిపి బోధించడం అన్నదాని మీద నాకు అంత నమ్మకం కూడా లేదు. ఆచరణలో అది సైన్సు పాఠంలోని చెట్టు భాగాలకు రంగులు వేయించడంగా తేలుతున్నది. చెట్టు బొమ్మ అచ్చులో ఉంటుంది, ఆకుకు ఆకుపచ్చ వెయ్యాలి. కిటికీ బయట వేపచెట్టు ఉంటుంది, లేతచిగురు ఎర్రగా ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. కళను లెక్కలకూ సైన్సుకూ గుమాస్తాను చేస్తే అది గుమాస్తాగిరీయే వెలగబెడుతుంది. ముగ్గులో లెక్క ఉన్నదని నేనే పైన రాశాను, నిజమే. కాని లెక్క నేర్పడానికి ముగ్గు వేయించడం వేరు, ముగ్గు వేస్తుంటే లెక్క ఎదురుపడడం వేరు.

నవంబరు 14 పోటీల గురించి ఒక్క మాట. అంశం ముందే ఇస్తారు: పర్యావరణం, స్వచ్ఛత, జాతీయ సమైక్యత. పిల్లలు భూగోళానికి కన్నీళ్ళు వేసి, చుట్టూ చేతులు వేసి ఇస్తారు. కంటతడి పెట్టే భూగోళం సీనరీకి తమ్ముడు. బహుమతి వాడికే వస్తుంది. ఇంతకు మించి వాటి గురించి రాయదలచుకోలేదు.

నాకు తెలిసి ఒక ప్రాథమిక పాఠశాల రేపే మొదలుపెట్టగలిగిన పనికి పెద్ద ఖర్చు లేదు. వారానికి ఒక పూట, పలకలు, సున్నం, పాతపేపర్లు, మట్టి, నాలుగు పొడిరంగులు, ఊళ్ళో ఏదో ఒక పని చేతుల్లో ఉన్న పెద్దవాళ్ళు. టీచరుకు బొమ్మలు రానక్కరలేదు. పిల్లలతోపాటు ఒక చింతాకును పది నిమిషాలు చూసే ఓపిక ఉంటే చాలు. ఎన్ని రెబ్బలున్నాయో లెక్కపెట్టి, చూసినదాన్ని చూసినట్టు వేసిన పిల్లవాడు తర్వాత సీనరీ వేసినా నాకు అభ్యంతరం లేదు. అందులో కొబ్బరిచెట్టు బదులు చింతచెట్టు ఉంటుందేమో.

ప్రస్తుతం బడిలో ఒక డబ్బా నిండా చింతగింజలు పోగయ్యాయి, పిల్లలే ఇళ్ళనుంచి తెచ్చారు. కొండపల్లి పనివారు బొమ్మ భాగాలను అతకడానికి చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపి మక్కు చేస్తారు. చేర్యాల నకాషీ వారి ముఖాల బొమ్మలకూ దాదాపు అవే సరుకులు. నానబెట్టి, రుబ్బి, ఉడికించి మేమూ ప్రయత్నించాం, రెండు వారాలకు బూజు పట్టింది. ఎండ చాలలేదా, ఉడుకు చాలలేదా, అందులో ఇంకేమైనా కలపాలా అని పిల్లలు అడుగుతున్నారు. మీలో ఆ ప్రాంతాలవారుంటే, లేక ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకోగలిగినవారుంటే దయచేసి రాయండి. వచ్చే శనివారానికి రెండో డబ్బా నానబోస్తున్నాం.